అవ్వా, రావచ్చా?

మొన్నటి వీడియోలో అహోబిలం పారువేట గురించి చెప్పుకున్నాం కదా. టైమ్ చాలక వదిలేసిన మాట ఒకటి ఉండిపోయింది.

ఫాంటసీ గేములు ఆడేవాళ్ళకి ఈ సీన్ బాగా తెలుసు. దట్టమైన అడవి, మధ్యలో పది గుడిసెలు. హీరో ఏ ఇంట్లోకైనా సరాసరి దూరిపోతాడు, పెట్టె తెరిచి ఉన్నది తీసుకుంటాడు. ఇంటివాళ్ళు ఏమీ అనరు. అనరు కాబట్టే ఆ ఊరు మనకంత ముద్దు. గేమే కదా, పాపం ఏముంది? నిజమే, లేదు. ఆ అలవాటు మనతోపాటు బయటికొస్తుందా అన్నదే నా సందేహం.

మాది చీమకుర్తి. మా గెలాక్సీ గ్రానైట్ మీ వంటగట్టు మీదే ఉందేమో! నల్లరాతిలో మెరిసే ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. రాయి చూసి మురిసిపోయేవాళ్ళకి దాని వెనక ఒక ఊరుందని తట్టదే అని నాకెప్పుడూ ఉక్రోషం. అలాంటి నేనే ఏం చేశానో చూడండి.

మాకు పడమటగా నల్లమల. ఒక శివరాత్రికి ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి అడవిదారిన శ్రీశైలం నడిచాం. దారిలో పెచ్చెరువు, చెంచుగూడెం. "అచ్చం గేములో లాగా ఉందిరా" అన్నాడు మావాడు. నేను ఫోను పట్టుకుని ఒక గుడిసె గుమ్మం దాకా వెళ్ళిపోయాను. లోపల ఒక అవ్వ పొయ్యి రాజేస్తోంది. నన్ను చూసి ఏమీ అనలేదు. తడిక దగ్గరకు లాక్కుంది.

చెడ్డ ఉద్దేశం లేదు కదా, స్వామి దర్శనానికే పోతున్నాం కదా అని సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ స్వామి సంగతే చూడండి. చెంచులకి మల్లన్న అంటే చెంచు మల్లయ్య, వాళ్ళింటి అల్లుడు. అహోబిలంలో నరసింహస్వామీ అంతే, చెంచులక్ష్మిని చేసుకున్నవాడు. కనుమనాడు పారువేటకి పల్లకి బయల్దేరేటప్పుడు చెంచులు బాణాలు వేసి సాగనంపుతారు. తర్వాత సుమారు 40 రోజులు ఊరూరా తిరిగి, ఫాల్గుణంలో జరిగే తన పెళ్ళికి రమ్మని తానే పిలుస్తాడు. లోకాలన్నీ తనవే అయినవాడు కూడా పిలుపు పట్టుకునే గుమ్మం దగ్గరకి వెళ్తున్నాడు. నా చేతిలో ఏముంది? ఫోను.

చెంచులు మాట్లాడేది తెలుగే. "అవ్వా, రావచ్చా" అంటే సరిపోయేది. ఆ రెండు మాటలు నాకు ఆ క్షణంలో తోచలేదు.

ఫొటో మాత్రం బాగా వచ్చింది. సగం మూసిన తడిక, సందులోంచి పొగ. థంబ్‌నెయిల్‌గా పెడదామని మావాళ్ళు రెండుసార్లు అడిగారు. పెట్టలేదు. అలాగని డిలీట్ కూడా చేయలేదు, ఎందుకో మరి.