గుణదోష నిర్ణయము

పాట ముగియును. వాద్యములు ఆగును. చేతిలోని మైకును దించి యువగాయకుడు ఎదుటి బల్లవైపు చూచును. అచ్చట కూర్చున్న న్యాయనిర్ణేతలలో ఒకరు నోరు విప్పుటకు పట్టు కాలము రెండు మూడు క్షణములే. కాని అంతసేపును కెమెరా ఆ ముఖమును విడువదు. పిదప వెలువడు మాటను అతడొక్కడే గాక దేశమంతట ఇండ్లలో కూర్చున్న జనులును విందురు. ఆ మాట ఎవరికొరకు పలుకబడుచున్నది? పాడినవాని కొరకా, చూచువారి కొరకా? టెలివిజన్ పాటల పోటీలలో గుణదోష నిర్ణయమును గూర్చి ఎంత విచారించినను చివరకు ఈ ప్రశ్నయొద్దకే రావలసియుండును.

ఇట్టి పోటీలు మనకు క్రొత్తవి కావు. 1995లో హిందీలో సా రే గ మ, 1996లో తెలుగున పాడుతా తీయగా మొదలైనవి. బ్రిటనులో పుట్టిన పాప్ ఐడల్ ననుసరించి 2004లో ఇండియన్ ఐడల్ వచ్చెను. దానితోపాటు ప్రేక్షకుల ఓటును పోటీలోనికి వచ్చినది.

ఆ ఇండియన్ ఐడల్ పండ్రెండవ పర్యాయమున, 2021లో, కిశోర్ కుమార్ పాటలకే కేటాయించిన ఒక భాగము ప్రసారమయ్యెను. ఆయన కుమారుడు అమిత్ కుమార్ అతిథిగా వచ్చి పాడిన ప్రతివారిని మెచ్చుకొనెను. కొలది దినములకే ఆయన పత్రికలవారితో వేరొక మాట చెప్పెను: అందరిని పొగడుమని తనకు ముందుగా చెప్పిరి, తానట్లే పొగడెను, కాని ఆ కార్యక్రమము తనకు నచ్చలేదు. అడిగిన పారితోషికము నిచ్చిరి గనుక వెళ్లితినని చెప్పుటకును ఆయన సంకోచింపలేదు. దేశమున పెద్ద చర్చ జరిగినది. పోటీదారులు బాగుగ పాడిరా లేదా, అతిథి అట్లు బయటపెట్టుట మర్యాదయా కాదా అని కొంతకాలము వాదులాడి అందరును మరచిరి.

కాని మరువరాని ప్రశ్న ఒకటి మిగిలియున్నది. ఆనాడు ఎవరికి అన్యాయము జరిగినది? సరిగా పాడనివానికి పొగడ్త లభించినది గనుక అతనికి తాత్కాలికముగ లాభమే. ప్రేక్షకునకు ఒక సాయంకాలము ఉల్లాసముగ గడచినది. నిజముగ నష్టపడినవాడు ఆనాడు చక్కగా పాడినవాడు. అతనికి లభించిన మెప్పు సత్యమే కావచ్చును. కాని అది సత్యమని తెలిసికొను మార్గము అతనికి లేకపోయినది. ఆజ్ఞాపింపబడిన పొగడ్త అర్హునకు అర్హుడనని తెలిసికొను హక్కునే హరించును. దొంగ నాణెములు సంతలో ప్రవేశించిన పిదప మంచి నాణెము నిచ్చువానిని గూడ జనులు అనుమానముతోనే చూచెదరు గదా. ఏండ్ల తరబడి తెల్లవారుజామున లేచి సాధన చేసినవానికి దక్కవలసిన ఒకే ఒక వస్తువు, తెలిసినవాని నోటినుండి వచ్చు నిజమైన మాట, అది ఎవరికిని తెలియకుండనే చెల్లనిదైపోయెను.

అయినచో పరుషముగ మాటాడుట మేలా? పాప్ ఐడల్ నాటినుండియు కఠినముగ మాటాడు న్యాయనిర్ణేత యొకడుండుట ఈ కార్యక్రమములలో ఒక ఆనవాయితీయైనది. సైమన్ కోవెల్ అను నాతడు ఇందుకే లోకప్రసిద్ధుడయ్యెను. పొగడ్తలోవలెనే ఈ కాఠిన్యమునందును మాటాడువాని దృష్టి పాడినవానిమీద లేదు. ఇంటిలో కూర్చున్నవాడు నవ్వవలెనని, నివ్వెరపోవలెనని ఆ మాట కూర్చబడును. పరుషత్వమును సత్యసంధత యని భ్రమించుట మన కాలపు పొరపాటులలో ఒకటి. గీతలో వాక్తపస్సును గూర్చి చెప్పినచోట సత్యముతో హితమునుగూడ జోడించి చెప్పుటలో ఆంతర్య మిదియే కాబోలు. ఎవరికి హితము? వినుచున్నవానికి, అనగా ఎదుట నిలిచి ఆ మాటకై ఎదురుచూచుచున్నవానికి.

చిక్కు వచ్చునది పిల్లలయెడల. పదునొకండేండ్ల బాలిక రెండవసారి పల్లవి నెత్తుకొన్నప్పుడు శ్రుతి జారినది. తల్లిదండ్రులు ఎదుటనే కూర్చునియున్నారు. ఒక చిన్న అబద్ధముతో ఆ బిడ్డ కన్నీటిని ఆపగలిగినపుడు ఆపరాదా యని దయగలవారు అడుగుదురు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. అయితే ఇందు సత్యమునకును దయకును నిజముగ విరోధమున్నదా యని చూడవలెను. ‘రెండవమారు పల్లవిలో శ్రుతి జారినది, అచ్చట ఊపిరి చాలలేదు, ముందుగా తీసికొనుము’ అనుట పాటను గూర్చిన మాట. విన్నవాడు దానిని నిశ్చయముగ చెప్పగలడు. వినిన బిడ్డ దానిని దిద్దుకొనగలదు. ‘నీకు పాట అబ్బదు’ అనుట మనిషిని గూర్చిన మాట. మూడు నిమిషములు విని అంతటి సంగతి తేల్చుటకు ఎవనికిని అధికారము లేదు. కావున అది దయలేని మాట యగుటకు ముందే అసత్యము. ‘నీవంటి గాయని పుట్టలేదు’ అనునదియు అట్టిదే.

మన పూర్వులు ఈ విషయమును మిక్కిలి సూక్ష్మముగ విచారించిరి. భరతుని నాట్యశాస్త్రమున ఇరువదియేడవ అధ్యాయము ప్రయోగసిద్ధిని గూర్చినది. ప్రయోగమునుగూర్చి వివాదము పుట్టినపుడు నిర్ణయించు ప్రాశ్నికులెవరో అందు చెప్పబడినది. స్వరతాళములను గూర్చి గాంధర్వము నెరిగినవాడు, శబ్దములను గూర్చి వైయాకరణుడు, ఛందస్సును గూర్చి ఛందోవేత్త, అంగసౌష్ఠవమును గూర్చి విలుకాడు, ఇట్లు పదిమంది. విలుకాడేమిటని నవ్వవలదు, నిలుకడ విలువ వానికి తెలిసినట్లు మరొకనికి తెలియదు. ఎవనికి ఏది తెలియునో వాడు దానినే తేల్చవలెనన్న నియమ మిందు కలదు. గాయకుని వేషమును, అతని కుటుంబ దారిద్ర్యమును, అతని కన్నీటి కథను కలిపి ఒకే అంకెగా మార్చు నేటి పద్ధతిని ఈ నియమము ఒప్పుకొనదు. గుణము బొత్తిగా లేనిదియు, దోషము బొత్తిగా లేనిదియు లోకమున లేవు గనుక దోషములను అతిగా పట్టుకొనరాదని గూడ భరతుడు హెచ్చరించెను. ఇంత తెలిసినవాడు తీర్పు చెప్పవలసివచ్చినపుడు కొంచెము తటపటాయించును. ఆ తటపటాయింపు టెలివిజన్‌కు గిట్టదు.

ఓట్ల మాట ఎక్కువ చెప్పనక్కరలేదు. మా ఊరివాడు, మా భాషవాడు అని వేయు ఓటులో ప్రేమ కలదు, తప్పు లేదు. 2010లో తెలుగు యువకుడు శ్రీరామచంద్ర ఇండియన్ ఐడల్ గెలిచినపుడు మనవారు పొందిన సంతోషమును ఎవరు కాదందురు? కాని ప్రేమను లెక్కించి దానికి తీర్పు అని పేరు పెట్టుట వేరు సంగతి.

ఆ బల్లమీద కూర్చుండియు ఎదుటివానికొరకే మాటాడుట సాధ్యమని చూపినవారు లేకపోలేదు. 2020 సెప్టెంబరు 25న కీర్తిశేషులైన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము పాడుతా తీయగాను నడపిన తీరు తెలుగువారు చూచినదే. ళకారము లకారమైనచో ఆయన ఆపి చెప్పెడివారు. పొరపడిన పంక్తిని తాను పాడి చూపెడివారు. ఆ పాట వ్రాసినవారిని, కట్టినవారిని పేర్కొని తలచెడివారు. అప్పుడు బాలునకు తానును పెద్దలును ఒకే పాటముందు నిలిచియున్నట్లు తోచెడిది. మార్కులు తగ్గినను అవమానము కలుగలేదు.

ఆయన ఆ బల్లకు ఈవలిప్రక్క నిలిచిన దినములును ఉండెను. నెల్లూరు ప్రాంతమున విద్యార్థిగా పాడిన ఒక పోటీలో తనకు ద్వితీయ బహుమతి వచ్చినదనియు, అతిథిగా వచ్చిన ఎస్. జానకి ఇతనికి ప్రథమ బహుమతి ఈయవలసియుండెనని సభలోనే చెప్పిరనియు ఆయన తరచు తలచుకొనెడివారు. 1964లో మద్రాసులో జరిగిన పోటీలో ఆయనకు ప్రథమస్థానము లభించెను. నిర్ణేతలలో సంగీత దర్శకులు ఎస్.పి. కోదండపాణి యొకరు. ఆనాటి మాటను ఆయన ఆనాటితో మరచిపోలేదు. 1966లో శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న చిత్రమునకై ఆ యువకునిచే పాడించిరి. తరువాత ఎన్నో ఏండ్లకు బాలసుబ్రహ్మణ్యము మద్రాసులో శబ్దగ్రహణశాలను స్థాపించినపుడు దానికి కోదండపాణి పేరునే పెట్టిరి.