చలిమంట యొద్ద పేతురు



గత జూన్ మాసములో మా సంఘమునకు చెందిన ఒక అమ్మాయి, మఠకన్యలు నడుపుచున్న ఒక చిన్న కథోలిక కళాశాలలో చేరెను. బయలుదేరుటకు ముందు తలిదండ్రులతో ప్రార్థనకు వచ్చి, "అయ్యగారూ, అక్కడ అందరిలో కలిసిపోవాలంటే నేనేం చేయాలి?" అని నన్ను అడిగెను. ప్రార్థన చేసితిని గాని జవాబు సరిగా చెప్పలేకపోతిని. జవాబు తెలియక కాదు. అది చెప్పవలెనంటే నా జీవితములోని ఒక సంగతి బయట పెట్టవలసియుండెను. ఆనాడు నోరు రాలేదు. అందుచేత ఈ పుటలలో చెప్పుచున్నాను.

కలిసిపోవలెనను కోరిక పాపము కాదు. నరుడు ఒంటరిగా నుండుట మంచిది కాదని సృష్టి ఆరంభముననే దేవుడు చూచెను. ఇల్లు విడిచివచ్చిన బిడ్డ భోజనశాలలో పళ్లెము చేతబట్టుకొని, ఏ బల్ల యొద్ద కూర్చుండవలెనో తెలియక నిలుచున్న ఆ ఒక్క నిమిషము ఎంత దీర్ఘమైనదో అనుభవించినవారికే తెలియును. వేలమంది చదువు పెద్ద కళాశాలలో ఎవరి గుంపు వారికి దొరకును. దొరకకపోయినను ఎవరును గమనింపరు. చిన్న కళాశాలలో ఒకటే భోజనశాల, ఒకటే వరండా. అక్కడ దాగుటకు చోటు లేదు. త్రోసివేయబడినవానికి మరియొక గుంపును లేదు.

కథోలిక కళాశాలయైనచో మరియొక సంగతి కలదు. మన దేశములోని అనేక కథోలిక కళాశాలలలో కథోలిక విద్యార్థులు తక్కువమందియే. హిందువులు, మహమ్మదీయులు, మనవంటి ఇతర సంఘములవారు కలిసి చదువుకొందురు. అయినను ఆ ఇంటి వాడుకలు కథోలికుల వాడుకలే. దివ్యబలిపూజలో సత్ప్రసాదము కొరకు వారు వరుసగా లేచి వెళ్లునప్పుడు మన బిడ్డ తన చోటనే మిగిలిపోవును. 1964లో రెండవ వాటికన్ మహాసభ ఇతర సంఘముల క్రైస్తవులను సహోదరులుగా ఎంచవలెనని ప్రకటించినది. అయినను 1983 నాటి వారి సంఘ చట్టము, ప్రత్యేకమైన కొన్ని పరిస్థితులలో తప్ప, మనవంటివారికి సత్ప్రసాదము ఇచ్చుటకు ఒప్పుకొనదు.

ఇది అవమానము కాదు, ఒక ఇంటి నియమము. వారు లేచినప్పుడు మర్యాదకై లేవవచ్చును. వారు వెళ్లునప్పుడు మౌనముగా ప్రార్థించుకొనవచ్చును. నలుగురి కంట బడకుండుటకై తనది కానిదానికి చేయి చాపకూడదు. వెనుక చేరి ఎగతాళియు చేయకూడదు. వేరుగా నుండుట వేరు, వెలియగుట వేరు. ఈ భేదము తెలిసిన బిడ్డకు సగము భయము తీరును.

సహవాసపు విలువ ఎరిగిన కథోలికులలో జాన్ హెన్రీ న్యూమన్ గారు ముఖ్యులు. 1852లో డబ్లిను పట్టణములో విశ్వవిద్యాలయమును గూర్చి ఆయన ఉపన్యాసములిచ్చెను. పరీక్షలు మాత్రమే పెట్టి పట్టములిచ్చు విద్యాలయముకంటె, యౌవనస్థులు కలిసి నివసించి ఒకరినుండి ఒకరు నేర్చుకొను విద్యాలయమే మేలని ఆయన అభిప్రాయము. అట్లు చెప్పినవాడే, 1845లో మనస్సాక్షి ననుసరించి కథోలిక సంఘములో చేరినందున, మరుసటి సంవత్సరము తాను ప్రేమించిన ఆక్స్‌ఫర్డును విడిచెను. మరల అక్కడ అడుగు పెట్టినది 1878లో, 32 సంవత్సరముల తరువాత. ఆయన చేరిన సంఘము మనది కాకపోవచ్చును. కాని సహవాసము గొప్ప మేలే అయినను, అన్నిటికంటె గొప్ప మేలు కాదని ఆయన జీవితము మనకు నేర్పుచున్నది.

ఇక నా సంగతి. నేను 1989లో అట్టి కళాశాలలోనే చేరితిని. మా నాయన ప్రకాశం జిల్లాలో ఒక పల్లె సంఘమునకు కాపరి. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు ప్రాంతములో గుండ్లకమ్మ యేటి యొద్ద ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు. మేము ఆ జనములోనివారమే.

హాస్టలులో మొదటి ప్రశ్న "మీదే ఊరు?" రెండవది "ఇంటిపేరేమిటి?" ఆ రెండవ ప్రశ్నతో అడుగువాడు ఏమి తెలిసికొనగోరునో, జవాబు చెప్పువానికి బాగుగా తెలియును. నేను ఊరి పేరు చెప్పి పేట పేరు మ్రింగితిని. ఇంటిపేరును ఒక పొడి అక్షరముగా కుదించితిని. నలుగురు స్నేహితులు దొరికిరి. భోజనశాలలో నాకొక చోటు ఏర్పడెను.

దసరా సెలవులకు ముందు ఒక సాయంకాలము మా నాయన చెప్పకుండ వచ్చెను. చొక్కా నిండ బస్సు దుమ్ము, భుజమున గుడ్డసంచి, చేతిలో గోంగూర పచ్చడి సీసా. నేను స్నేహితులతో మెట్లమీద కూర్చుండియుంటిని. "ఎవరురా ఆయన?" అని ఒకడు అడిగెను. "మా ఊరి పాస్టరుగారు" అంటిని.

చదువరీ, అందులో ఒక్క మాటయు అబద్ధము కాదు. ఆయన మా ఊరివాడే, పాస్టరే. నాయన ఆ మాట వినెను. ఒక క్షణము నా ముఖము చూచి, వారి తట్టు తిరిగి, "అవును బాబూ. ఇతని తల్లిగారు ఈ పచ్చడి పంపించారు. అందరూ తినండి" అని సీసా వారి చేతికిచ్చి, వచ్చిన బస్సుకే వెళ్లిపోయెను. ఆ రాత్రి అందరును మెచ్చుకొని తినిరి. నాకు ముద్ద దిగలేదు.

ప్రధానయాజకుని ముంగిట పేతురు చేసినది ఏమి? చలిగా నుండెను, దాసులు బొగ్గుల మంట వేసికొనిరి, అతడును వారితో నిలిచి చలి కాచుకొనెను. చలి కాచుకొనుట నేరమా? కాదు. కాని ఆ మంట యొద్ద చోటు నిలుపుకొనుటకు ఒకనిని ఎరుగనని చెప్పవలసి వచ్చెను. అతని గలిలయ యాస అతనిని పట్టియిచ్చెను. తరువాతి కాలమున అంతియొకయలో పేతురే మరల జారెను. అన్యజనులతో భోజనము చేయుచుండినవాడు, యెరూషలేమునుండి కొందరు రాగానే వారికి భయపడి ఆ పంక్తినుండి తొలగెను. పౌలు అతనిని ముఖాముఖిగా గద్దించెను.

అయితే ఆ పౌలే అందరికొరకు అన్నివిధములవాడనైతినని వ్రాయలేదా? వ్రాసెను. ఈ రెంటికి భేదమేమి? నాకు తోచిన గురుతు ఇది: నేను మారినందువలన వెల చెల్లించుచున్నది ఎవరు? ఎదుటివాని మేలు కొరకు పౌలు మారెను. వెల తానే చెల్లించెను. చోటు సంపాదించుకొనుటకు పేతురు మారెను; వెల మరియొకరు చెల్లించిరి. నేను మెట్లమీద కూర్చున్న చోటికి వెల చెల్లించినవాడు మా నాయన. భాష మార్చుకొనుము, తిండి అలవాటు చేసికొనుము, వారి పాటలు నేర్చుకొనుము. ఇవన్నియు నీ ఖర్చే, సంతోషముగా పెట్టుము. నీవు కలిసిపోవుటకై ఒకరిని కాదనవలసి వచ్చినచో, అక్కడ ఆగుము.

వేదశాస్త్ర పాఠశాలలో మా గురువుగారు ఒక సంగతి చూపించిరి. బొగ్గుల మంటకు యోహాను వాడిన గ్రీకు మాట క్రొత్త నిబంధనలో రెండే తావులలో నున్నది. ఒకటి పేతురు బొంకిన చోట. మరియొకటి పునరుత్థానుడైన ప్రభువు సముద్రతీరమున చేపలు కాల్చి, పేతురును భోజనమునకు పిలిచిన చోట. ఆ పాఠము విన్న దినమున నాకు సెలవులకు ఇంటికి పోయిన ఆ మొదటి రాత్రి జ్ఞాపకము వచ్చెను. నాయన ఆ సంగతి ఎత్తలేదు. తన ప్రక్కనే నాకు పీట వేయించెను. నేను ఉండబట్టలేక క్షమాపణ అడుగబోతిని. "తెలుసులే. తిను" అనెను.

తిరిగి పోయి నా స్నేహితులకు నిజము చెప్పితిని. ఒకడు నా గదికి వచ్చుట మానెను. ముగ్గురు మిగిలిరి. నాయన మరల వచ్చినప్పుడు ఆ ముగ్గురే బస్సు యొద్దకు ఎదురు పోయిరి.

ఇప్పటికే మంట యొద్ద చోటున్న చదువరీ, నీతోను ఒక మాట. చిన్న కళాశాలకు ఒక భాగ్యము కలదు: ఒంటరిగా నిలిచినవాడు అందరికిని కనబడును. కనబడినప్పుడు కొంచెము జరిగి చోటిమ్ము. ఇంటిపేరు అడుగకుము, అన్నము తిన్నావా అని అడుగుము. మన బిడ్డలు ఎవరిని కాదనకుండ అందరితో కూర్చుండు బల్లలను ప్రభువు ప్రతి విద్యాలయములోను సిద్ధపరచును గాక. ఆమేన్.