తోడికోడళ్ళ తాబేళ్ళు

హైదరాబాదులో ఒక ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవారు. కింది వాటా పెద్దామెది, పై వాటా చిన్నామెది. పిల్లలు గోల పెడితే ఇద్దరూ ఒకే రోజు ఒకే కొట్లో చెరొక తాబేలు పిల్లను కొన్నారు. కంటి వెనక ఎర్ర చార ఉండే రెడ్ ఇయర్డ్ స్లైడర్లు అవి. వీటి పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం. మన ఊళ్ళలో అమ్మేటప్పుడు అరచేతిలో సగం కూడా ఉండవు.

పెద్దామె పెరట్లో ఉన్న పాత సిమెంటు తొట్టినే కడిగి, బోరు నీళ్ళు పట్టి, మధ్యలో రెండు ఇటుకలు పేర్చింది. సగం తొట్టి మీద పొద్దుటి ఎండ, మిగతా సగం మీద జామచెట్టు నీడ. వంటింట్లో మిగిలిన ఆకుకూర తుంచి వేసేది. పిల్లలు గుళికల మేత వేసేవారు.

చిన్నామె హాల్లో కిటికీ పక్కన గాజు అక్వేరియం పెట్టించింది. రంగు గులకరాళ్ళు, నీలం లైటు, ప్లాస్టిక్ మొక్కలు. మంజీరా కుళాయి నీళ్ళు తప్ప పోసేది కాదు. వారం వారం తాబేలును బయటికి తీసి, డిప్పకు కొబ్బరినూనె రాసి మెత్తటి గుడ్డతో తుడిచేది. చుట్టాలు వస్తే ముందు దాన్నే చూపించేది.

రెండో ఏడు తిరిగేసరికి పెద్దామె తాబేలు డిప్ప మీద తెల్లటి మచ్చలు కమ్ముకున్నాయి. పైగా డిప్ప మీది పలకలు అంచుల్లో లేచి, ఒక్కొక్కటే పొరగా ఊడి నీళ్ళలో తేలసాగాయి. ఆమె బెంగపడి వాటిని ఏరి అగ్గిపెట్టెలో దాచింది. ఒక పొరను వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతల వేలు కనిపించేది.

"ఫంగస్ అక్కా అది. బోరు నీళ్ళు పోస్తే రాదా మరి? మా దాన్ని చూడు, ఒక్క మచ్చ ఉందా?" అంది చిన్నామె.

కొట్టువాడు చూడకుండానే ఒక నీలం మందు సీసా ఇచ్చాడు. తొట్టిలో పోయబోతుంటే అత్తగారు చెయ్యి పట్టుకుంది. "రోగం పేరు తెలీకుండా మందేమిటే? ముందు డాక్టరుకి చూపించు." తోడుగా చిన్నామె కూడా బయల్దేరింది. తాబేలు ఎలా ఉండాలో డాక్టరుకే చూపిద్దామని తనదాన్నీ డబ్బాలో పెట్టుకుంది.

డాక్టరు గారు పెద్దామె తాబేలును బేసిన్లో నీళ్ళలో ముంచారు. తెల్ల మచ్చలు మాయమయ్యాయి. తువ్వాలుతో అద్ది బల్ల మీద పెట్టి కాసేపు ఆగారు. మచ్చలు మళ్ళీ తేలాయి.

"మీ బకెట్లకి గార పడుతుందా అమ్మా?"

"అయ్యో, గీజరే పాడైపోయిందండీ."

"ఇదీ ఆ గారే. ఇటుక ఎక్కి ఆరినప్పుడల్లా నీళ్ళు పోయి సున్నం మిగులుతోంది. ఫంగస్ అయితే తడిపినంత మాత్రాన పోదు, నీళ్ళలో నూగులా విచ్చుకుని ఇంకా బాగా కనపడుతుంది." అగ్గిపెట్టె తెరిచి పొరల్ని వేళ్ళ మధ్య రాసి చూశారు. "పెరిగే తాబేలు పాత పలకల్ని ఇలాగే వదులుతుంది. పల్చగా ఉన్నాయి, కంపు లేదు, కింద కొత్త పలక గట్టిగా ఉంది. దీనికి మందు అక్కర్లేదు, పళ్ళ బ్రష్షు ఒకటి చాలు."

తరవాత చిన్నామె తాబేలును చేతిలోకి తీసుకుని, వెనకవైపు అంచుల్ని బొటనవేలితో మెల్లిగా నొక్కారు. అంచు వంగింది. డిప్ప చుట్టూ అంచులు పైకి తిరిగి ఉన్నాయి. ఇన్నాళ్ళూ అదే అందం అనుకున్నారు ఇంటిల్లిపాదీ. వెల్లకిలా తిప్పితే పొట్టవైపు, వెనక కాలి దగ్గర, పెసరగింజంత గోధుమరంగు గుంట. దూది పుల్లతో తాకితే మెత్తగా దిగింది. గుప్పుమని కంపు కొట్టింది.

"ఇటువైపు ఎప్పుడైనా చూశారా అమ్మా?"

"లేదండీ. పైనే తుడిచేదాన్ని."

"ఎండ తగులుతుందా?"

"కిటికీ పక్కనేనండీ, పొద్దంతా పడుతుంది."

"అద్దం తీసి ఉంటుందా?"

"తీస్తే దోమలు..."

"నీళ్ళలోంచి ఎక్కి పూర్తిగా ఆరడానికి ఏమైనా పెట్టారా? మేత ఏమిటి?"

ఎక్కడానికి ఏమీ లేదు. మేత ఎండురొయ్యలే, ఇంకేదీ ముట్టదు. ఎక్స్‌రే తీస్తే ఎముక పల్చబడి ఉంది.

కుళ్ళిన భాగం గీకి, అయొడిన్ మందు పూసి, రోజులో ఎక్కువ గంటలు పొడిగా ఉంచమన్నారు. ఇంజెక్షన్లు రాశారు, కాల్షియం రాశారు. "నా తొట్టిలో వదులు చెల్లీ, ఎండ బాగా తగులుతుంది" అంది పెద్దామె. పుండు మానేదాకా రెండింటినీ కలపొద్దని డాక్టరు గారు ఆపారు. నెలలు పట్టింది. డిప్ప గట్టిపడింది గానీ, పైకి తిరిగిన అంచులు మాత్రం మళ్ళీ కిందికి దిగలేదు.

నీతి: కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేదే రోగం కాదు. తాబేలుకి ఏమైందో తెలియాలంటే డిప్పతో పాటు అది బతికే ఇంటినీ చూడాలి.

డాక్టరు గారు అంచులు నొక్కి చూసింది ఇందుకే: తాబేలు డిప్ప ఎముక. పక్కటెముకలు, వెన్నుపూసలు కలిసిపోయి ఏర్పడ్డ ఎముక. దాని మీద మన గోళ్ళలాగే కెరటిన్‌తో తయారైన పలకలు కప్పి ఉంటాయి. లోపల రక్తం ఉంది, నరాలున్నాయి, తడితే తెలుస్తుంది, గాయమైతే నొప్పి పుడుతుంది. ఆ ఎముక గట్టిపడాలంటే మేతలో కాల్షియం ఉండాలి, దాన్ని ఒంటికి పట్టించే డి3 విటమిన్ ఉండాలి. ఆ విటమిన్ తయారవ్వాలంటే ఎండలోని యూవీబీ కిరణాలు చర్మాన్ని తాకాలి. కిటికీ అద్దం వెలుతురునీ వేడినీ పంపిస్తుంది, యూవీబీని మాత్రం దాదాపుగా ఆపేస్తుంది. ఇంట్లో పెంచేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఎండకు బదులు వాడే యూవీబీ బల్బులదీ అదే తంటా. వెలుగు తగ్గకపోయినా ఆ కిరణాలు నెలల్లో తగ్గిపోతాయి, అందుకే చాలా రకాల్ని ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మార్చాలి. ఎండలో పెడితే మాత్రం నీడ కూడా తప్పదు. నీడలేని చిన్న తొట్టిలో నీళ్ళు వేడెక్కితే తాబేలు గంటల్లో చనిపోతుంది.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ప్రేమతో పూసే పూతలు. కొబ్బరినూనె, పసుపు ముద్ద, రంగు, గోళ్ళరంగు. పలక కింద చెమ్మా సూక్ష్మజీవులూ చేరి ఉంటే పైనుంచి మూత వేసినట్టే. గాలి ఆడదు, కుళ్ళు ఎముక దాకా దిగుతుంది. మెరుపు చూసి సంతోషించే ముందు డిప్పను ఆరనిచ్చి, రెండువైపులా చూడండి. వాసన చూడండి. అంచులు నొక్కండి. అప్పుడే పుట్టిన పిల్లల డిప్ప కాస్త వంగడం మామూలే, పెరిగినదానికి వంగకూడదు. పొట్టవైపు ఎర్రబారి, మేత మానేసి, మందకొడిగా ఉంటే రక్తంలోకి చీము విషం ఎక్కిందేమో, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆరోగ్యంగా కనిపించే తాబేలు ఒంటి మీద కూడా సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు, చిన్నపిల్లలకి త్వరగా అంటుకుంటుంది.

పెంచలేకపోతే చెరువులో వదలడం పుణ్యం కాదు. ఈ స్లైడర్లు మన చెరువుల తాబేళ్ళ మేతనూ చోటునూ లాక్కుంటాయి. ఆ చెరువు తాబేలునీ, నక్షత్ర తాబేలునీ ఇంటికి తెచ్చి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు తాబేలును నీళ్ళలో కాకుండా, గాలి రంధ్రాలున్న డబ్బాలో తడిగుడ్డ పరిచి తీసుకెళ్ళండి. దాంతోపాటు అక్వేరియం ఫొటో, మేత డబ్బా, బల్బు కొన్న తేదీ, ఒక సీసాలో తొట్టి నీళ్ళు.