ఖైదీల విడుదలకై పాడిన పాట

ధ్యాన భాగములు: 2 రాజులు 4:1-7, ఆమోసు 5:21-24, ఫిలేమోను 17-19



అక్టోబరు నెల దాటినదంటే మన సంఘములలో క్వయరు సాధన మొదలగును. షోలాపూరులోనైనను, బళ్ళారిలోనైనను, బరంపురములోనైనను, చెన్నపట్టణములోనైనను, యానాములోనైనను మనవారు కూడిన చోట ఒక హార్మోనియము, దాని చుట్టు పాడువారు తప్పక యుందురు. కొన్ని సంఘములలో హల్లెలూయ కోరసు పాడనిదే పండుగ జరిగినట్లు తోచదు. అది పాడునప్పుడు అందరము లేచి నిలుచుందుము. ఇంగ్లాండు రాజు లేచి నిలిచినందున ఆ వాడుక వచ్చినదని చెప్పుదురు గాని, ఆ రాజు అక్కడ నున్నట్లు చూచినవారెవరును వ్రాసి పెట్టలేదు. అది పోనిండు. ఆ కోరసు గల ‘మెస్సీయ’ సంగీతము మొట్టమొదట ఎవరి నిమిత్తము పాడబడెనో మనము తెలిసికొనుట మేలు. అప్పుల పాలై చెరసాలలో పడియున్న వారి నిమిత్తమును, బీద రోగుల నిమిత్తమును అది పాడబడెను.

చార్లెస్ జెన్నెన్స్ అనువాడు యెషయా, కీర్తనలు, యోబు, సువార్తలు, పౌలు పత్రికలు, ప్రకటన గ్రంథము మొదలగువాటినుండి వచనములు ఏర్చి కూర్చగా, హాండెల్ 1741 ఆగష్టు 22న మొదలుపెట్టి సెప్టెంబరు 14 నాటికి సంగీతము వ్రాసి ముగించెను. లండనులో కాక ఐర్లండు దేశపు డబ్లిన్ పట్టణమున, 1742 ఏప్రిల్ 13వ తేదీ మధ్యాహ్నము, ఫిషాంబుల్ వీధిలోని సంగీతశాలలో అది మొదట వినబడెను. వచ్చు డబ్బు ఖైదీల సహాయమునకును, మెర్సర్ ఆసుపత్రికిని, బీదల వైద్యశాలకును చెందునని ముందే ప్రకటించిరి. స్త్రీలు గౌన్లలోని వెడల్పు చట్రములు తీసివేసి రావలెననియు, పురుషులు కత్తులు ఇంట విడిచి రావలెననియు కోరిరి. ఎందుకనగా చోటు మిగిలినకొలది మనుష్యులు ఎక్కువ పట్టుదురు, మనుష్యులు ఎక్కువైనకొలది ధర్మము ఎక్కువగును. ఈ ఏర్పాటు మాకు మిక్కిలి నచ్చినది. సుమారు 700 మంది కూడిరి, సుమారు 400 పౌనులు వచ్చెను. హాండెల్ గాని ముఖ్య గాయకులు గాని తమకొరకు ఏమియు తీసికొనలేదు. ఖైదీల భాగముతో 142 మంది ఋణగ్రస్థులు విడుదల పొందిరని చరిత్రకారులు వ్రాయుచున్నారు.

ఆ కాలపు చట్టము ఎట్టిదో కొంచెము ఆలోచించుడి. అప్పు తీర్చలేనివానిని అప్పిచ్చినవాడు చెరసాలలో వేయించవచ్చును. లోపల నున్నవాడు కష్టము చేసి సంపాదించుట ఎట్లు? పైగా పండుకొను చోటునకును తిండికిని చెరసాల అధికారికి రుసుము చెల్లించవలెను. అప్పు తీర్చుటకు వేసిన చెర అప్పును పెంచుచుండెను. లోపలివాడు తనంతట తాను బయటికి రాలేడు; బయటనున్నవాడెవడైన డబ్బు చెల్లించవలసినదే.

హాండెల్‌ను భక్తునిగా నిలబెట్టుట మా ఉద్దేశము కాదు. బానిసల వ్యాపారము చేసిన కంపెనీలో ఆయన వాటాలు కొన్నట్లు నాటి లెక్కపుస్తకములు చూపుచున్నవి. ఆనాడు యెషయా 53వ అధ్యాయపు మాటలు పాడిన సుసన్నా సిబ్బర్ అను నటి కూడ మచ్చలేనిది కాదు. ఆమె ఇంటి సంగతులు 1738లో కోర్టుకెక్కి లోకమంతట పాకెను. అయినను ఆమె పాట విని, శ్రోతలలో నున్న డిలానీ అను బోధకుడు లేచి, దీనినిబట్టి ఆమె పాపములు క్షమింపబడునుగాక అని పలికెనని చెప్పుకొందురు. పాటనుబట్టి పాపక్షమాపణ రాదని మన బాప్టిస్టులకు వేరుగ చెప్పనక్కరలేదు. కాని మన క్వయరులో ఎవరు నిలువవచ్చును, ఎవరు నిలువకూడదు అని గంటలకొలది వాదించు మనము, ఆ క్వయరు పాటవలన ఎవరికి మేలు కలిగెనని అడుగుట అరుదు.

ఆమోసు దినములలో వాద్యములకు కొదువ లేదు. పండుగలు, అర్పణలు, స్వరమండలములు అన్నియు నుండెను. దేవుడు ఆ ధ్వనిని వినను, తీసివేయుడని సెలవిచ్చెను. శ్రుతి తప్పినందుకా? కాదు. చెప్పుల జోడు వెలకు బీదవానిని అమ్మినవారు (2:6) పాడుచుండిరి గనుక.

ఇప్పుడు మన యింటి సంగతికి వత్తము. మన పెద్దలలో అనేకులు మేస్త్రి ఇచ్చిన బయానా పట్టుకొని ఊరు విడిచి వచ్చినవారే. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టము వచ్చెను. అధిక వడ్డీని నిషేధించుచు తమిళనాడులో 2003లో చట్టము చేసిరి. అయినను రోజువారీ వడ్డీ, మీటరు వడ్డీ, కందువడ్డీ అను పేర్లు మన పేటలలో చిన్నపిల్లలకు కూడ తెలియును. పెండ్లికో, ఆసుపత్రికో, కాలేజీ ఫీజుకో అప్పు చేసిన సహోదరుడు మొదట ముందు బల్లనుండి వెనుక బల్లకు పోవును. తరువాత ప్రభు బల్ల ఆదివారము రాడు. తరువాత అసలే రాడు. “ఎవరు చేయమన్నారు అంత అప్పు?” అని మనము అందుము. ప్రవక్త శిష్యుని విధవరాలు ఎలీషాయొద్ద మొఱపెట్టినప్పుడు, నీ భర్త ఆ అప్పు ఎందుకు చేసెనని ఆయన అడుగలేదు. నీ యింట ఏమున్నదని అడిగెను. నూనె నిండిన తరువాత మొదట అమ్మి అప్పు తీర్చుమని, మిగిలినదానితో నీవును నీ కుమారులును బ్రదుకుడని చెప్పెను. ఆ ఇద్దరు పిల్లలు దాసులు కాకుండ తప్పించుటయే మొదటి పని.

ఇంకొక సంగతి చెప్పవలెను, చెప్పుట కష్టము. కొన్ని చోట్ల అప్పిచ్చినవాడును మన సంఘములోనే యున్నాడు. ఫిలేమోను ఇంటిలోనే సంఘము కూడుచుండెను, రెండవ వచనము చూడుడి. అట్టి పెద్దమనుష్యునికే పౌలు వ్రాయుచు, ఒనేసిము అచ్చియున్నది ఏదైన నున్నయెడల తన లెక్కలో వేయుమని స్వహస్తముతో ఒప్పుకొనెను. పౌలు అప్పుడు ఖైదీ. జేబులో ఏమున్నదో తెలియదు గాని చేవ్రాలు చేసెను.

కాబట్టి మా మనవి ఇది. ఈ సంవత్సరము కేరల్స్‌కు ఇండ్లవెంబడి తిరిగి తెచ్చు డబ్బుతోను, క్వయరు కచేరీ కానుకతోను కొత్త స్పీకర్లు, ఒకే రంగు చీరలు, ఫ్లెక్సీ బ్యానర్లు కొనుటకు ముందు, దేని నిమిత్తము పాడుచున్నామో డబ్లినువారివలె ముందే ప్రకటించుడి. స్పీకర్లు వద్దని మేమనము. పాతవి ఇంకొక సంవత్సరము పలుకును. డీకన్లలో ఇద్దరు, స్త్రీల సమాజమునుండి ఒకరు కూర్చుండి, ఏ కుటుంబము వడ్డీలో మునిగియున్నదో నెమ్మదిగా కనుగొనవలెను. పేరు వేదికమీద చదువవద్దు, కోశాధికారి లెక్కలో సంఖ్య మాత్రము వేసిన చాలును. అప్పిచ్చినవాడు సంఘస్థుడైతే కాపరిగారు మొదట ఆయనయొద్దకే వెళ్లి వడ్డీ మానుకొమ్మని అడుగవలెను. బయటివాడైతే అప్పున్నవానిని వెంటబెట్టుకొని పగటివేళ వెళ్లి, డబ్బు ఎదురుగా లెక్కించి ఇచ్చి, రసీదు వ్రాయించుకొని, ప్రోనోటు వెనుకకు తీసికొనవలెను. తాకట్టు పెట్టిన రేషను కార్డో, పాసుబుక్కో, ఏటీఎం కార్డో యున్నయెడల అదియు అడిగి తెచ్చి, ఆ యింటి ఇల్లాలి చేతికిచ్చి రావలెను.