సముద్రయానము - ప్రాయశ్చిత్తము

దేశాటనము వలన బుద్ధి వికసించునని మనవారు తరతరములుగా చెప్పుచున్నారు. ఈ మాటను కాదనువారిని మేము చూడలేదు. పరీక్షించి చూచినవారును అరుదే. ఇప్పుడు తెలుగునాట నలుగురు కూడిన ప్రతిచోటను టోకియో నగరమును గూర్చియో, టొరంటోను గూర్చియో చెప్పగలవా రొక్కరైనను ఉందురు. కొడుకును కోడలును పిలిచిరని ఆరు మాసములు అమెరికాలో గడపివచ్చిన తల్లిదండ్రులు వీధి కొకరు కలరు. వారు చెప్పు వింతలు వేరు వేరుగా నుండును గాని, ఒక్క మాట మాత్రము అందరి నోటను వినబడును: "అక్కడ ఎవరి పని వారే చేసికొందురండీ. ఎక్కువ తక్కువలు లేవు." ఈ మాట చెప్పునప్పుడు వారి ముఖములలో కనబడు సంతోషము కపటము కాదు. మాకు కలుగు సందేహ మేమనగా, విమానము దిగి ఇల్లు చేరులోపల ఆ సంతోష మేమగుచున్నది?

పూర్వ మిట్టి సందేహమునకు తావు లేకుండెను. సముద్రము దాటినవాడు మారిపోవునని లోకము నిశ్చయముగా నమ్మెను, కనుకనే భయపడెను. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో చేర్చినది. శాస్త్ర మట్లుండగా వ్యవహారము తన దారిని తాను నడచుచునే యుండెను. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవున నొక అభయశాసనము వేయించెను. గాలివానకు చిక్కి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సొత్తునంతయు పూర్వపు రాజులు లాగుకొనుచుండిరనియు, తాను నియతమైన సుంకము తప్ప వేరేమియు గైకొననియు దాని తాత్పర్యము. చందనమునకు, కర్పూరమునకు, ముత్యములకు సుంక మెంతయో కూడ అందు చెక్కబడినది. సముద్రము దాటివచ్చిన ఆ ధనమును చేర్చుకొన్నందుకు రాజుగారి బొక్కసమునకు ఎవరైన ప్రాయశ్చిత్తము విధించినట్లు మేము వినలేదు.

1830వ సంవత్సరము మే నెలలో ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిరి. అదే యేడు నవంబరులో రాజా రామమోహనరాయలు కలకత్తాలో ఇంగ్లండునకు ఓడ యెక్కిరి. మొదటివారు పదునైదు మాసములు తిరిగి, దారుల మంచిచెడ్డలు, నీటి వసతి, ఊళ్ల స్థితిగతులు వ్రాసి మనకు కాశీయాత్రచరిత్ర నిచ్చిరి. అది పుణ్యయాత్ర. రెండవవారు 1833లో బ్రిస్టలు నగరమున కాలధర్మము నొందిరి. అప్పటికిని వారి దేహముపై యజ్ఞోపవీత ముండెను. ఐనను వారిది సంఘము సహింపని యాత్ర. 1888లో గాంధీగారు చదువు నిమిత్తమై ఇంగ్లండునకు పోవ నుద్యుక్తులు కాగా, బొంబాయిలో వారి కులపెద్దలు సభ చేసి వెలివేసిరి. సాగనంపుటకు రేవునకు పోయినవారికి రూపాయి నాలుగణాల జుర్మానా అని ప్రకటించిరి. 1891లో వారు మరలివచ్చినప్పుడు అన్నగారు వారిని నాసికకు తీసికొనిపోయి పుణ్యనదిలో స్నానము చేయించి, రాజకోటలో కులమువారికి విందు పెట్టిరి. గాంధీగారి కిది యిష్టము లేదు; అన్నగారి తృప్తికొరకు ఒప్పుకొనిరి.

ఈ కథలు చెప్పుకొని మన మిప్పుడు నవ్వుకొనుచున్నాము. నవ్వదగినవే. కాని ఆ మూఢాచారమునం దొక నిజము దాగియున్నదని మాకు తోచుచున్నది. పరదేశమున పదిమందితో కలిసి తిని, పదిమందితో కలిసి తిరిగినవాడు వెనుకటి మనుష్యుడుగా రాడనియు, వానివలన ఇంటి కట్టుబాట్లకు ప్రమాదము కలుగుననియు ఆ పెద్దలు గ్రహించిరి. గ్రహించియే స్నానము విధించిరి. ఇప్పుడు ఎవరును స్నానము విధింపరు. విధింపకుండుటకు కారణము మనము సంస్కారవంతుల మగుటయేనా? లేక తిరిగివచ్చినవానివలన ఏ కట్టుబాటునకును ప్రమాదము లేదని అందరికిని తెలిసిపోయినదా?

జపాను దేశమున మేము చూచినవానిలో కోవెలలకన్న, వేగమున పోవు రైళ్లకన్న, ఒక చిన్న పాఠశాలలోని దృశ్యము మాకు బాగుగ జ్ఞాపకమున్నది. నిర్ణీతమైన వేళకు పిల్లలందరును తలలకు గుడ్డలు చుట్టుకొని, తడిగుడ్డను రెండు చేతులతో నేలకు అదిమిపట్టి, వంగి వరుసగా పరుగెత్తుచు నడవలు తుడిచిరి. తరగతి గదులు, మెట్లు వారే ఊడ్చిరి. అక్కడి పెక్కు బడులలో మరుగుదొడ్లు కడుగుటయు పిల్లల వంతే. అధికారి బిడ్డ, కూలివాని బిడ్డ అను భేద మందు లేదు. మాతో వచ్చిన తెలుగు పెద్దమనుష్యులు ఆ దృశ్యమును చూచి కన్నుల నీరు పెట్టుకొన్నంత పని చేసిరి, ఫొటోలు తీసికొనిరి. మన దేశమునను బడి మరుగుదొడ్లను పిల్లలచేత కడిగించినట్లు అప్పుడప్పుడు పత్రికలలో చదువుచునే యున్నాము. చదివినప్పుడెల్ల ఆ పిల్లలు ఏ వాడనుండి వచ్చినవారో చూడుడు. అందరు పిల్లలు చేసినచో విద్య యగు పనియే కొందరిచేతనే చేయించినప్పుడు శిక్ష యగుచున్నది. ఈ వ్యత్యాసము కనిపెట్టిన యాత్రికుడు టిక్కెట్టు ఖర్చు రాబట్టుకొన్నవాడే యని మా యభిప్రాయము.

దక్షిణాఫ్రికా విషయము ఇంకను చిక్కైనది. మనవారిలో అక్కడికి పోయినవారు పీటర్‌మారిట్జ్‌బర్గు రైలుస్టేషను చూడక తిరిగిరారు. 1893 జూను 7వ తేదీ రాత్రి, మొదటి తరగతి టిక్కెట్టు చేతనున్న గాంధీగారిని సామానుతో సహా దింపివేసిన స్థల మది. అక్కడ నిలువబడిన ఏ భారతీయునకైనను రక్త ముడుకును. ఉడుకవలసినదే. కాని ఆ పరగణాలోనే, దర్బాను తపాలా కార్యాలయమున, మరియొక కథ జరిగినది. ఆ కార్యాలయమునకు ద్వారములు రెండే యుండెను: ఒకటి తెల్లవారికి, రెండవది ఆ దేశపు నల్లవారికిని ఆసియావారికిని కలిపి. మనవా రిది అవమానమని అర్జీ పెట్టుకొనిరి. ఫలితముగా ద్వారములు మూడైనవి. నేటాల్ ఇండియన్ కాంగ్రెసువారి 1895 నాటి నివేదికలో ఇది సాధించిన పనులలో నొకటిగా లెక్కింపబడినది. అప్పటికి గాంధీగారే ఆ సంస్థకు కార్యదర్శి. ఆయన తరువాత ఎంత దూరము నడచిరో మనకు తెలియును. 1933-34లలో అస్పృశ్యతకు విరోధముగా దేశమంతయు తిరిగినదియు ఆయనయే. మన మందరము మహాత్ములము కాము గనుక, ఆ మూడవ ద్వారమువద్దనే నిలిచిపోయినవారము మిక్కిలి మందిమి.

కేప్‌టౌను రేవునుండి పడవలో పోయి రాబిన్ ద్వీపమును చూచితిమి. నెల్సన్ మండేలా తమ ఇరువదియేడేండ్ల చెరలో పదునెనిమిదేండ్లు గడపిన దిచ్చటనే. ఒకప్పు డక్కడ రాజకీయ ఖైదీలుగా నుండినవారే ఇప్పుడు యాత్రికులకు దారి చూపుచుందురు. మాకు దారి చూపినవారు చాల మెల్లగా, కోప మన్నది లేకుండ మాటలాడిరి. వారు మమ్ము ఒక పెద్ద పట్టికయెదుట నిలిపిరి. అది ఖైదీల భోజనముల పట్టిక. మిశ్రజాతులకును ఆసియావారికిని ఒక వరుస. నల్లవారికి మరియొక వరుస. మనవారికి మాంసము 6 ఔన్సులు, నల్లవారికి 5. మనవారికి రొట్టె కలదు, నల్లవారికి లేదు. మనవారికి జాము ఒక ఔన్సు; నల్లవారికి అదియు లేదు. బట్టలలోను ఇట్లే. 1964లో మండేలాతో కూడ ఆ ద్వీపమునకు తేబడిన అహ్మద్ కత్రాడా భారతసంతతివారు గనుక ఆయనకు నిండు పంట్లాము నిచ్చిరి. ఆయనకన్న పెద్దవారైన మండేలాకు మోకాళ్లపై లాగు నిచ్చిరి. నల్లవాడు ఎంత పెద్దవాడైనను బాలుడే యని ఆ ప్రభుత్వము భావము.

ఒక ఔన్సు జాము! పెద్దపెద్ద గ్రంథములు చదివినను తెలియని సంగతి ఆ ఒక్క ఔన్సు మాకు తెలిపినది. పైవాడు క్రిందివారి నందరిని ఒక్కటిగా తొక్కడు. మెట్లు కట్టును. నడిమి మెట్టున నున్నవానికి రొట్టెముక్క నిచ్చును. పైమెట్టును చూచి కోపగించుకొనుట అందరికిని వచ్చును. క్రిందిమెట్టుననున్నవాని పళ్లెమున ఏమి లేదో చూచుటకు మాత్రము మెడ వంచవలెను. మాతో వచ్చిన భారతీయులు కొందరు ఆ పట్టిక చూచి, "చూచితిరా, మనవారికి కొంత నయముగా పెట్టిరి" అనిరి. మేము తల యెత్తి వారివంక చూడలేకపోతిమి. వారు మంచివారు, ఆ మాట అనుటలో వారికి దురుద్దేశము లేదు. దురుద్దేశము లేకపోవుటయే మమ్ము కలవరపెట్టినది.

ఇట్టి యాత్రలకు తలక్రిందైన యాత్ర యొకటి కలదు. బరోడా మహారాజుగారి సహాయముతో అంబేద్కరుగారు 1913లో న్యూయార్కునకు పోయి కొలంబియా విశ్వవిద్యాలయమునను, తరువాత లండనులోను చదివి, 1917లో ఉద్యోగార్థము బరోడా చేరిరి. పరదేశములలో గడపిన ఆ యేండ్లు తా నస్పృశ్యుడనను స్మృతినే తన మనస్సునుండి చెరిపివేసినవని వారు తమ జ్ఞాపకములలో వ్రాసికొనిరి. బరోడా స్టేషనులో దిగినతోడనే ఆ స్మృతి మరల వచ్చినది: ఎచ్చట దిగవలెను? తుద కొక పార్శీ సత్రమున పార్శీపేరుతో దిగిరి. పదునొకండవ దినమున కొందరు కర్రలు పట్టుకొనివచ్చి వెళ్లగొట్టిరి. హిందూ స్నేహితు డొకనిని ఆశ్రయింపగా, మీరు వచ్చినచో మా నౌకర్లు వెళ్లిపోదురని అతడు చెప్పెను. ఊరి తోటలో గంటలకొలది కూర్చుండి, రాత్రిరైలుకు బొంబాయి వెళ్లిపోయిరి. పరదేశము ఆయనను మార్చలేదని ఎవ రనగలరు? ఆయన మారియే వచ్చెను. స్వదేశమే నాసికా స్నానమునకు బదులు కర్రలతో ప్రాయశ్చిత్తము చేయింప జూచినది. ఆయన చేసికొనలేదు. యాత్రలో తెలిసినదానిని గుమ్మము దాటించి లోనికి తెచ్చుకొనుట అన నేమో ఎవరైన అడిగినచో మే మీ యుదాహరణమునే చెప్పుదుము.

ఇచ్చట కొందరు ఆక్షేపించుదురు. అతిథికి ఎల్లప్పుడును ఇంటి ముందుగదియే కనబడును గదా. జపానులో మాత్రము బురాకుమినులు లేరా అని. ఉన్నారు. 1871లోనే ఆ దేశపు ప్రభుత్వము వారి హీనస్థితిని శాసనముచే రద్దుచేసినను, పెండ్లిసంబంధములయందును ఉద్యోగములయందును వివక్ష తరువాతను చిరకాలము సాగినది. అమెరికాను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. కాని పరులయింట దోషమున్నదనుట మనయింటి దోషమునకు జవాబు కాదు. అదియునుగాక, మనవారు అక్కడికి పోవునప్పుడు పెట్టెలలో పచ్చళ్లతోపాటు మరియొకటి కూడ తీసికొనిపోయినట్లున్నది. లేనిచో 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరసభ కులవివక్షను నిషేధించు శాసనము చేయవలసిన అవసర మేమి? కాబట్టి ప్రయాణముచే బుద్ధి దానంతట అదే వికసించునను మాట మేము నమ్మము. పెట్టె కట్టునప్పుడే కొంత నిర్ణయమగుచున్నది.

మరి యిల్లు చేరిన తరువాత జరుగు ప్రాయశ్చిత్త మేది? దానికి పురోహితుడు లేడు, మంత్రము లేదు. అమెరికాలో కొడుకింట ఆరు మాసములు తన పళ్లెము తాను కడిగికొని, వారమున కొకనాడు స్నానాలగది తోమి, ప్రక్కయింటి నల్లజాతి యిల్లాలితో ఒకే బల్లవద్ద టీ త్రాగిన గృహిణి తిరిగివచ్చి తన వంటింట అడుగు పెట్టును. పనిమనిషి గ్లాసు కిటికీ అంచున వేరుగ పెట్టియుండును. అది అక్కడనే యుండును. నగరములలో కొన్ని అంతస్తుల మేడలకు లిఫ్టులు రెండు. పనివారు ఎక్కవలసిన దేదో వ్రాసి పెట్టియుందురు. దర్బాను తపాలా కార్యాలయమును పత్రికలలో నిందించు పెద్దమనుష్యుడు ఆ వ్రాత ప్రక్కనుండియే నిత్యము పైకి పోవుచుండును. ఆ మేడల సంఘసభలలో దీనిని గూర్చి ప్రశ్న వచ్చినప్పుడు శుభ్రత యందురు, భద్రత యందురు. ఆ పనిమనిషి చేతులతో తోమిన పాత్రలలోనే వారి భోజనము. ఆమె చేతులలోనే వారి శిశువు. శుభ్రతయు భద్రతయు లిఫ్టులోనే ఎట్లు చెడునో మా కంతుపట్టలేదు.

ఇటీవల ఐరోపా యంతయు చుట్టివచ్చిన యొక మిత్రునింట ఈ ప్రసంగమే వచ్చినది. డెన్మార్కులో ఒక పండితుడు తన గది ఊడ్చు స్త్రీతో సమముగా కూర్చుండి కాఫీ త్రాగుట చూచితినని ఆయన ముచ్చటగా చెప్పుచుండిరి. వంటింటి గుమ్మమువద్ద వారి పనిమనిషి నేలమీద కూర్చుండి, తనకు వేరుగ నుంచిన స్టీలుగ్లాసులో కాఫీ త్రాగుచుండెను. మేము ఆ వైపు చూచుట గమనించి ఆయన, "మేము చెప్పినా ఆమే కుర్చీలో కూర్చోదండీ" అనిరి. ఏమని చెప్పితిరి, ఎప్పుడు చెప్పితిరి అని అడిగితిమి. మిత్రులు కొంతసేపు ఆలోచించి, మా కాఫీ చల్లారిపోవుచున్నదని జ్ఞాపకము చేసిరి.