గాదె నింపుట పాపమా?

గత సంవత్సరము శ్రమల దినములలో ఒక ఆదివారము, ఆరాధన ముగిసిన తరువాత, మేము కొందరము గుడి యెదుటి వేపచెట్టు క్రింద మాటలాడుకొనుచుంటిమి. స్థూలకాయురాలైన ఒక సహోదరి ఆ దారిని వచ్చెను. మాలో ఒకరు, "ఏమొదినా, ఉపవాసమున్నానంటివి, ఒంటిమీద దాని జాడే కనపడదే!" అనిరి. అందరును నవ్విరి. నేనును నవ్వితిని. ఆమెయు నవ్వినది గాని, తరువాత జరిగిన ప్రేమవిందునకు రాలేదు. లావు పాపమా? ఒకరి దేహమును చూచి వారి ఆత్మను తూచవచ్చునా? ఈ ప్రశ్న నాటినుండి నన్ను విడువలేదు.

ప్రియులారా, కొవ్వు అనగా ఏమో ముందు తెలిసికొందము. మన పెద్దలు పంట యింటికి రాగానే గాదెలో పోసి, పంట లేని నెలలలో తీసి వండుకొనెడివారు. దేహము చేయునదియు ఇదే. తిన్నదానిలో పనికి ఖర్చు కాక మిగిలినదానిని అది కొవ్వుగా మార్చి దాచుకొనును. ఒక గ్రాము పిండిపదార్థములో 4 కేలరీల శక్తి యుండగా, ఒక గ్రాము కొవ్వులో 9 కేలరీలు ఇమిడియున్నవి. జ్వరములో తిండి సహించనప్పుడు, తల్లి బిడ్డకు పాలిచ్చునప్పుడు, కరవు వచ్చినప్పుడు ఆ గాదె తెరువబడును. కొవ్వు కణములు లెప్టిన్ అను హార్మోనును విడుదల చేయునని 1994లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. నిలువ యెంత యున్నదో అది మెదడునకు తెలుపును. నిలువ తగ్గగానే ఆకలి పెరుగును. ఐగుప్తులో యోసేపు సమృద్ధిగల యేడు సంవత్సరములలో పంటలో అయిదవ భాగమును కూర్చి, కరవులో కొట్లు విప్పెను (ఆది. 41). కొవ్వు అట్టి గృహనిర్వాహకుడే గాని శత్రువు కాదు.

అట్లయిన కీడు ఎక్కడనున్నది? కరవు రాకయే గాదెను నింపుచుండుటలో నున్నది. మన తాతలు జొన్న, రాగి, సజ్జ తిని, నాగలి పట్టి, మైళ్ళకొలది నడచిరి. నేడు మూడు పూటల తెల్లన్నము వచ్చినది, ట్రాక్టరు వచ్చినది, ప్రక్క వీధికి పోవుటకును మోటారుసైకిలు వచ్చినది. గాదె పొంగినప్పుడు కొవ్వు కాలేయములోను ప్రేగుల చుట్టును చేరును. చక్కెరవ్యాధి, రక్తపుపోటు, గుండెజబ్బు ఆ దారిని వచ్చును. మన దేశస్థులలో కాళ్ళు చేతులు సన్నగానే యుండి పొట్ట మాత్రము ముందుకు వచ్చినవారు అనేకులు. నడుము చుట్టుకొలత పురుషునికి 90, స్త్రీకి 80 సెంటీమీటర్లు దాటిన జాగ్రత్తపడవలెనని వైద్యులు చెప్పుచున్నారు. నేను దర్జీ టేపుతో కొలుచుకొంటిని, 96 వచ్చినది. చొక్కా క్రింద దాగినది గనుక నన్ను చూచి ఎవరును నవ్వలేదు.

మరియు, ఒకే కుండలోని అన్నము తిన్న ఇద్దరిలో ఒకరు లావగుదురు, ఒకరు కారు. వంశము, థైరాయిడు లోపము, కొన్ని మందులు, నిద్రలేమి, ఇవన్నియు అందులో పనిచేయును. గనుక దేహపు కొలత తిండిపోతుతనమునకు సాక్ష్యము కాదు. ఏలీ బహు స్థూలదేహి యని లేఖనము చెప్పుచున్నది. అయితే దేవుడు ఆయనను గద్దించినది బరువును గూర్చి కాదు, ప్రజల నైవేద్యములలో శ్రేష్ఠభాగములతో తానును తన కుమారులును క్రొవ్వుటను గూర్చియే (1 సమూ. 2). పాపము బరువులో లేదు, ఇతరుల పాలు తినుటలో నున్నది. సన్ననివాడును ఆ పాపము చేయగలడు.

అయినను దేహమును కాచుకొనుట మన విధి. పస్తులుండి ఒక్కసారిగా తగ్గవలెనని చూచిన దేహము కరవు వచ్చెనని తలంచి, ఖర్చు తగ్గించి, ఆకలి పెంచును. కంచములో అన్నము కొంత తగ్గించి, పప్పు, ఆకుకూర, కూరగాయలు పెంచుట మేలు. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 కేలరీలు గలవు గనుక వేపుళ్ళు తగ్గించవలెను. టీలో చక్కెరయు అట్లే. ఒక గంట నడచి ఖర్చు చేసినది ఒకటి రెండు లడ్లతో తిరిగి వచ్చును. కాబట్టి నడక ఒక్కటే చాలదు. అయినను బరువు తగ్గకపోయినను నడక గుండెకు మేలు చేయును. వారమునకు 150 నిమిషములు చురుకుగా నడచిన చాలును. కరిగిన కొవ్వు ఎక్కడికి పోవును? పది కిలోలలో 8.4 కిలోలు ఊపిరితోనే వెలుపలికి పోవునని 2014లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టి చూపిరి. కొలిమిలో బొగ్గువలె అది నెమ్మదిగా తరుగును, తొందర పనికిరాదు.

విందులలో మనము చేయునదేమి? వద్దన్నవారి విస్తరిలో బలవంతముగా మరియొక గరిటె వేసి, తరువాత వారి లావును చూచి నవ్వుచున్నాము. ఇది ప్రేమయా?

టేపుతో కొలుచుకొన్న మరునాడు నేను ఆ సహోదరి ఇంటికి పోయి క్షమాపణ కోరితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "నేను ఉపవాసమున్నది ఒళ్ళు తగ్గేందుకు కాదన్నా. నా కొడుకు తాగుడు మానాలని," అనెను. నాకు మాట రాలేదు. ఆమె ఉపవాసపు జాడను మేము ఒంటిమీద వెదకితిమి. అది ఆమె మోకాళ్ళమీద నున్నది.

ప్రియ చదువరులారా, మన గాదెను మనము కొలుచుకొందము. పొరుగువారి గాదెను దేవునికి విడిచిపెట్టుదము. వచ్చు ఆదివారము గుడికి నడచి పోగలిగినవారు నడచి పోవుదురు గాక. దారిలో అట్టి సహోదరి యొకతె కనబడిన, ఆమెతో కూడ నడచుదురు గాక.