కీర్తిముఖము - దేహాలయ ద్వారము

శివాలయములందు తోరణముల నడినెత్తిన గ్రుడ్లురిమి చూచు వికృత ముఖమొకటి కానవచ్చును. కోరలు, తెరచిన నోరు, మిడిగ్రుడ్లు. మెడ లేదు, మొండెము లేదు. ఆ రూపమును గీచిన పటమును తొలిసారి చూచిన బాలుడు "రాక్షసునకు శివుని గుమ్మమున చోటేల?" అని అడుగును. ఇది పెద్దలు త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు.

దాని పేరు కీర్తిముఖము. స్కాంద పురాణమున దాని కథ కలదు. జలంధరుని దూతయైన రాహువు వచ్చి, పార్వతీదేవిని తన ప్రభువున కిమ్మని శివునితో పలికెను. అంతట శివుని కనుబొమల నడుమ నుండి సింహముఖముగల భూతము వెలువడి రాహువును మ్రింగబోయెను. రాహువు శరణు వేడగా శివుడు దానిని వారించెను. ఆకలికి తాళలేని ఆ భూతము తానేమి తినవలెనని అడుగగా, నీ కాలుసేతులనే తినుమని ఆజ్ఞాపించెను. తల మాత్రము మిగులువరకు అది తినెను. శివుడు మెచ్చి, కీర్తిముఖమని పేరిడి తన ద్వారమున నిలిపెను.

దేహమును మాడ్చుకొనుమని దీని భావము కాదు. శరణన్నవానిని కబళింపరాదు, పరులపైకి పోవు ఆకలిని తనవైపు మరల్చుకొనవలెను.

12వ శతాబ్దమున బసవేశ్వరుడు దేహమే దేవాలయమని బోధించెను. ఇష్టలింగధారి దేహాలయమునకు నోరే ద్వారము. అన్నము లోనికి పోవునదియు, మాట వెలికి వచ్చునదియు అచ్చటనే. కావలి ఉండవలసినదియు అచ్చటనే.

ఉప్పాడ తీరమున ఇండ్లు, తోటలు, బాట కోతకు గురియైనవి. సముద్రము ఊరిని మ్రింగుచున్నదని జనులందురు. కాని కడలికి ఆశ లేదు. నది ఒండ్రు ఆనకట్టల కడ నిలిచిపోవుట, తీరపు కట్టడములు ఇసుక కదలికను మార్చుట కారణములలోనివని పరిశోధకులు చెప్పుదురు. అలను రాక్షసియనుట సులభము. మన అవసరమెంత, ఆశ యెంత అని లెక్క చూచుకొనుట కష్టము.

ఆ లెక్కనే బసవేశ్వరుడు కాయకము, దాసోహము అను రెండు మాటలలో నేర్పెను. ఆ ఊరనే జాందానీ నేయు నేతగాడు మగ్గముపై చెమటోడ్చి గడించినది కాయకఫలము. అందు జంగమునకు, ఆకలిగొన్నవానికి భాగము తీసి, మిగిలినదానిని ప్రసాదముగా గ్రహించుట దాసోహము. అట్టి యింట ఆకలి యుండును గాని, అది ఎవ్వరిని మ్రింగదు.

బాలుని ప్రశ్నకు సమాధానమిదియే: ఆ ముఖము బయటివానిని బెదరించుటకు మాత్రమే కాదు, లోనికి పోవువాడు తన నోటిని తాను చూచుకొనుటకు.